చిన్న తరగతుల పిల్లలు – జాతీయ పరీక్ష

మా ప్రాథమిక తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఈ సంవత్సరము మమ్ము తఱచుగా అడిగిన ప్రశ్న యొకటి కలదు. "మూడవ తరగతివారికి జాతీయ పరీక్ష యుండునట గదా! దానికి మా పిల్లవానిని ఇప్పటినుండియే సిద్ధము చేయవలదా? ట్యూషను పెట్టింపవలెనా? ఏ పుస్తకము కొనవలెను?" అని వారు అడుగుచున్నారు. బిడ్డ వెనుకబడునేమో యను భయమునుండి పుట్టిన ప్రశ్న గనుక దీనిని తేలికగా త్రోసివేయరాదు. కావున ఈ సంచికలో మా యభిప్రాయమును దాపరికము లేక తెలుపుచున్నాము. అది తెలుపుటకు మేము చేసిన తప్పొకటి కూడ చెప్పవలసి యున్నది.

మొదట ఆ పరీక్ష యెట్టిదో తెలిసికొనుట మంచిది. భారత ప్రభుత్వమువారు కొన్ని యేండ్లకొకసారి దేశమంతట పిల్లల చదువును కొలుచుచున్నారు. జాతీయ సాధన సర్వే యను పేర ఇది 2017 నవంబరు 13వ తేదీని, మరల 2021 నవంబరు 12వ తేదీని జరిగినది. 2021లో 3, 5, 8, 10 తరగతుల పిల్లలు సుమారు 34 లక్షల మంది, 720 జిల్లాలలోని 1 లక్ష 18 వేల పాఠశాలలలో దీనిని వ్రాసిరి. 2024 డిసెంబరు 4వ తేదీని జరిగినదానికి పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ మని పేరు పెట్టి, 3, 6, 9 తరగతులను తీసికొనిరి. అందు 781 జిల్లాలలోని 74 వేల పాఠశాలలనుండి 21 లక్షలకు పైబడిన పిల్లలు పాల్గొనిరి.

ఈ సర్వే అన్ని బడులకు రాదు. ఎంచిన బడులకు మాత్రమే వచ్చును. ఆ బడిలోనైనను అందఱు పిల్లలు వ్రాయరు. 2021లో ఒక తరగతినుండి 30 మందికి మించకుండ, చీట్లు తీసినట్లు ఎంచి కూర్చుండబెట్టిరి. ఫలితములు జిల్లాకు, రాష్ట్రమునకు, దేశమునకు లెక్కకట్టబడునే గాని ఏ పిల్లవానికిని మార్కులు రావు. ఉత్తీర్ణుడను మాట లేదు, తప్పెనను మాట లేదు. 2019లో విద్యాహక్కు చట్టమును సవరించి, 5, 8 తరగతుల చివర పరీక్ష జరుపుటకును, తప్పినవారికి రెండు నెలలలో మరల అవకాశమిచ్చి, అప్పటికిని తప్పినవారిని అదే తరగతిలో నిలుపుటకును వీలు కల్పించిరి. కొందఱు తల్లిదండ్రులు దానిని దీనిని ఒకటిగా తలచుచున్నారు. రెండును వేరు. ఈ సర్వేవలన మూడవ తరగతి పిల్లవాడు తరగతి తప్పుట యనునది లేదు.

అట్లయిన ఇది ఎవరి పరీక్ష? మా పరీక్ష. ఉపాధ్యాయుల పరీక్ష, బడిని నడపువారి పరీక్ష, ప్రభుత్వముల పరీక్ష. కుండలోని అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు మన తల్లులు ఒక మెతుకు పట్టి చూతురు. ఆ మెతుకుతో వారికి పని లేదు, కుండతోనే పని. ఆ ఒక్క మెతుకును వేరొక గిన్నెలో ఉడికించి చూపినచో కుండలోని బియ్యము అన్నమగునా? ఆకలితో కూర్చున్నవారికి అది చాలునా? సర్వేకొఱకు మాత్రమే పిల్లలను సిద్ధము చేయుట యనగా ఇదియే.

2024 సర్వే ఫలితములు 2025లో వెలువడినవి. మూడవ తరగతి పిల్లలలో 99 వరకు గల సంఖ్యలను చిన్నదినుండి పెద్దదానికిని, పెద్దదినుండి చిన్నదానికిని వరుసగా పేర్చగలిగినవారు దేశమున నూటికి 55 మంది. రెండంకెల సంఖ్యలను కూడుట, తీసివేయుట తెలిసినవారు నూటికి 58 మంది. నలుబదియైదు పెద్దదా, ఏబదినాలుగు పెద్దదా యని తేల్చుకొనలేని బిడ్డకు అంగడిలో చిల్లర లెక్క రాదు, పై తరగతిలో భాగహారము రాదు. ఈ సంగతి మనకు తెలియుటయే మేలు. తెలియకుండ దాచినచో నష్టము పిల్లవానిదే.

ఇక మా తప్పు చెప్పెదము. 2021లో మా బడి ఆ సర్వేకు ఎంపికయ్యెను. అప్పటి మూడవ తరగతి పిల్లల స్థితిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020 మార్చిలో మహమ్మారి కారణమున బడులు మూతపడునప్పటికి వారు ఒకటవ తరగతిలో నుండిరి. నడుమ కొంతకాలము తెరచినను, 2021 ఆగస్టు, సెప్టెంబరు నెలలవరకు చదువు నిలుకడగా సాగలేదు. రెండవ తరగతి యనునది వారిలో పెక్కుమందికి పేరునకే జరిగినది. గుణింతములు మఱచినవారు, ఒత్తులు చూచి బెదరువారు, పలకమీద తమ పేరు పూర్తిగా వ్రాయలేనివారు తరగతిలో సగమునకు పైగా నుండిరి.

అట్టి పిల్లలకు మేమేమి చేసితిమి? దసరా సెలవులు పోగా మిగిలిన నెల దినములు కథల గంటను, ఆటల గంటను ఎత్తివేసి మాదిరి ప్రశ్నపత్రములు చేయించితిమి. నాలుగు జవాబులలో ఒకదానిని ఎంచి, దాని యెదుటి సున్నను పెన్నుతో నలుపుట నేర్పితిమి. చదువ రాని పిల్లవానికి కూడ సున్న నలుపుట వచ్చెను. మేము సంతోషించితిమి. తీర సర్వే నాటికి తెలిసినదేమనగా, చిన్న తరగతులవారు ప్రశ్నపత్రముమీదనే గుర్తు పెట్టుదురు. దానిని వేరొక కాగితమునకెక్కించి సున్నలు నలుపుట వచ్చిన పరిశీలకుని పని! నెల దినములు మేము శ్రమపడి నేర్పిన విద్య మరియొకరిదయ్యెను.

ఆ దినములలో ఒకనాడు మాలో ఒకరు తరగతిలోని ఒక బాలికను, "మీ యింట కోళ్లెన్ని యున్నవమ్మా?" అని అడిగిరి. ఆమె కొంతసేపు ఆలోచించి "బి" అని చెప్పెను. తరగతి నవ్వెను. మేమును నవ్వితిమి. ఇంటికి పోయిన తరువాత మాకు ఆ నవ్వు నిలువలేదు.

అంతకంటె బరువైన సంగతి మరియొకటి. సర్వేకు ముందునాడు, తరగతిలో అందఱికంటె వెనుకబడిన ఒక పిల్లవాని ఇంటికి, "రేపు వానిని పంపనక్కరలేదు, విశ్రాంతి తీసికొననిండు" అని కబురు పంపితిమి. చీటిలో వాని పేరు వచ్చినచో బడికి చెడ్డపేరు వచ్చునని మా భయము. మరునాటి యుదయము ఆ తల్లి పత్తి తీయబోవుచు, బిడ్డకు తలదువ్వి, ఉతికిన చొక్కా తొడిగి, చేయిపట్టుకొని బడివాకిటికి వచ్చెను. "మావాడేం తప్పు చేశాడు పంతులుగారూ? అందరు పిల్లలూ వచ్చే రోజున వీణ్ణొక్కణ్ణే రావద్దన్నారంట" అని యడిగెను. మా యొద్ద సమాధానము లేదు. పిల్లవానిని లోనికి పంపి, తలవంచుకొని నిలిచితిమి. ఎవరిని చూచి చదువు లోటు ఎంతయున్నదో దేశము తెలిసికొనవలెనో, ఆ పిల్లవానినే మేము కనబడకుండ దాచదలచితిమి. వైద్యుడు వచ్చు దినమున రోగిని పెరటిలో దాచుట వంటిదే యిది.

ఈ పొరపాటు క్రొత్తది కాదు. మిషను పాఠశాలల చరిత్రలోనే దీనికి పూర్వపు అడుగుజాడలు కలవు. 1862లో ఇంగ్లండులో రాబర్టు లో విద్యావ్యవహారములు చూచుచుండగా ఒక నియమావళి అమలులోనికి వచ్చెను. ఇన్స్పెక్టరు బడికి వచ్చి ఒక్కొక్క పిల్లవానిని చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటిలో పరీక్షించును. ఉత్తీర్ణులైనవారి లెక్కనుబట్టి, హాజరునుబట్టి బడికి ధనసహాయము వచ్చును. మన మదరాసు రాజధానిలోను ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున ఫలితములనుబట్టి గ్రాంటు ఇచ్చు పద్ధతి నడచెను. పెక్కు మిషను పాఠశాలలు ఆ గ్రాంటుమీద ఆధారపడెను. ఫలితమేమి? పిల్లలు వాచకము నంతయు కంఠస్థము చేసి, కన్నులు అక్షరములమీద లేకయే పాఠమును అప్పగించిరి. స్వయముగా పాఠశాలల ఇన్స్పెక్టరుగా నుండిన మాత్యూ ఆర్నాల్డు అను ఆంగ్లకవి ఆ పద్ధతిని గట్టిగా ఖండించెను. 19వ శతాబ్దము ముగియుసరికి ఇంగ్లండువారే దానిని విడిచిపెట్టిరి. నాడు గ్రాంటు డబ్బుకొఱకు జరిగినది, నేడు పేరుకొఱకు జరుగుచున్నది. పిల్లవానికి కలిగిన లాభము మాత్రము అప్పుడును లేదు, ఇప్పుడును లేదు.

అయినను ఎదుటివారి వాదమును కూడ వినవలెను. "అచ్చుప్రశ్నపత్రము నెన్నడు చూడని పల్లెపిల్లవాడు దానిని చూచి బెదరిపోవడా? వచ్చిన జవాబు కూడ వ్రాయలేకపోయిన అది అన్యాయము కాదా?" అని వారందురు. ఇది నిజము. పిల్లవానికి తెలిసినదానిని చెప్పుటకు అడ్డుపడు బెదురును తొలగించుట మా ధర్మమే. కాని దానికి నెలలు అక్కరలేదు. ప్రశ్నను చివరివరకు వినుట లేక చదువుట, నాలుగు జవాబులను చూచిన పిమ్మటనే ఒకటి ఎంచుట, తెలియనిదానిని విడిచి ముందుకు పోవుట, క్రొత్తవారు తరగతిలోనికి వచ్చినప్పుడు భయపడకుండుట – ఈ నాలుగును రెండు మూడు పూటలలో ఆటగా నేర్పవచ్చును. అంతకు మించిన ప్రతి దినమును చదువునుండి దొంగిలించిన దినమే.

మిగిలిన కాలమున చేయదగిన పని యేమి? మొదటిది, ఏ పిల్లవాడు ఎక్కడ నున్నాడో తెలిసికొనుట. 2005 నుండి అసర్ అను పేర గ్రామములలో జరుగుచున్న ఇంటింటి పరిశీలనలో వాడు సాధనము ఒక్క కాగితమే. అందు కొన్ని అక్షరములు, కొన్ని మాటలు, నాలుగు వాక్యముల చిన్న పేరా, ఒక చిన్న కథ యుండును. పిల్లవాడు ఏ మెట్టువరకు చదువగలడో అయిదు నిమిషములలో తెలియును. ఇట్టి కాగితమును ఏ ఉపాధ్యాయుడైనను తానే వ్రాసికొనవచ్చును. తరువాత దినమున కొక గంట, తరగతినిబట్టి గాక మెట్టునుబట్టి పిల్లలను కూర్చుండబెట్టి, ఎవరికి కావలసినది వారికి నేర్పవలెను. అక్షరము రానివానికి కథను, కథ చదువువానికి అక్షరములను చెప్పుట ఇద్దఱికిని శిక్షయే.

రెండవది లెక్క. పది పుల్లలను ఒక కట్టగా కట్టి, విడిపుల్లలను ప్రక్కన బెట్టి చూపినచో 45కును 54కును గల భేదము చేతికి తెలియును. చేతికి తెలిసినది మనస్సునకు సులభముగా ఎక్కును. చింతగింజలతోను, గవ్వలతోను మన పెద్దలు నేర్చిన లెక్క యిట్టిదే. తీసివేతలో పక్కనుండి పది తెచ్చుకొనుట యనగా ఏమో, ఒక కట్టను విప్పి చూపినదాక పిల్లవానికి అది మంత్రమువలెనే యుండును.

మూడవది భాష. మా పిల్లలలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుచు బడిలో ఆంగ్లమున చదువుచున్నారు. తెలుగున "ముప్పదియైదు" అనునప్పుడు ముందు పదులు, వెనుక ఒకట్లు చెవికి వినబడును. "పదమూడు" అన్నను పదియు మూడును అందులోనే యున్నవి. "థర్టీన్", "థర్టీ" అను మాటలు చిన్న చెవికి ఒక్కటిగనే తోచును. కావున లెక్కను మొదట తెలుగున బోధపరచి, పిమ్మట ఆంగ్లపు పేర్లు చెప్పుట మేలు. ఆంధ్రప్రదేశములో 2020–21లోను, తెలంగాణములో 2022–23లోను ఒక పుట ఆంగ్లము, ఎదుటి పుట తెలుగు గల పాఠ్యపుస్తకములు వచ్చినవి. ఆ తెలుగు పుటను మడిచిపెట్టక చదివింపుడని మా మనవి. అది వెనుకబాటు కాదు. ఆవలియొడ్డునకు చేర్చు వంతెన.

మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డకు చదువుటయు, లెక్కించుటయు రావలెనని 2021 జూలై 5వ తేదీని నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ఆరంభించి, 2026–27 విద్యాసంవత్సరమును గడువుగా పెట్టిరి. తెలంగాణములో 2022లో తొలిమెట్టు అను పేర ఇట్టి ప్రయత్నమే మొదలయ్యెను. ఆ గడువు ప్రభుత్వముది కావచ్చును. బిడ్డ గడువు అంతకంటె తొందరైనది. మూడవ తరగతివరకు పిల్లవాడు చదువుట నేర్చును. అటుపిమ్మట చదివి నేర్చును. ఆ మలుపులో చదువ రానివాడు ప్రతి పాఠమునందును వెనుకబడుచునే యుండును.

తల్లిదండ్రులారా, మీరు చేయగలిగినది చాల కలదు. అందులో డబ్బుతో పని కొంచెమే. రాత్రి భోజనమైన తరువాత పావుగంట మీ బిడ్డచే బిగ్గరగా చదివించి వినుడు. మీకు చదువు రాకపోయినను వినవచ్చును. "తరువాత ఏమైనది? ఎందుకట్లు చేసినాడు?" అని యడుగుడు. బిడ్డ తడబడక చెప్పినచో చదివినది బోధపడినట్లే. సంతకు తీసికొనిపోయి చిల్లర లెక్క వానిచే చెప్పింపుడు. బస్సుమీది ఊరిపేరు, గోడమీది ప్రకటన, క్యాలెండరులోని తేదీ, ఇవన్నియు పాఠములే. పెందలకడ నిద్రపుచ్చుడు. బడినుండి రాగానే "ఎన్ని మార్కులు వచ్చినవి?" అని గాక "ఈనాడు ఏమి చదివితివి?" అని అడుగుడు. ప్రక్కయింటి బిడ్డతో పోల్చకుడు. ట్యూషను సంగతి యడిగితిరి గనుక చెప్పుచున్నాము: బడి ఉపాధ్యాయులు ప్రైవేటుగా ట్యూషను చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టములోని 28వ విభాగమే నిషేధించుచున్నది. బిడ్డ చదువు భయము లేక, ఆందోళన లేక సాగవలెనని ఆ చట్టములోని 29వ విభాగము చెప్పుచున్నది. మీ బిడ్డకు బడిలో చదువు చెప్పుమని మమ్ము నిలదీయుట మీ హక్కు. దానికి మేము నొచ్చుకొనరాదు.

విద్యార్థులారా, మీలో పై తరగతులవారితో ఒక మాట. పైని చెప్పిన ఆ వెనుకబడిన పిల్లవానికి చదువు వచ్చినది మా మాదిరి పత్రములవలన కాదు. సర్వే ముగిసిన తరువాత మా ఉన్నత పాఠశాల బాలిక యొకతె సాయంకాలము ఇరువది నిమిషములు వసారాలో వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని కథల పుస్తకములు చదివించుట మొదలుపెట్టెను. మొదట ఆమె చదువగా వాడు వినెను. పిమ్మట ఇద్దఱు కలిసి చదివిరి. వేసవి సెలవులు వచ్చునప్పటికి వాడు చదువగా ఆమె వినుచుండెను. మేము ఆమెకు చెప్పలేదు. ఆమె మమ్ము అడుగలేదు. ఈ సంవత్సరము మీలో ప్రతివారును ఒక చిన్నపిల్లవానిని ఇట్లు చేపట్టవలెనని కోరుచున్నాము. పుస్తకములను, కూర్చుండుటకు తావును మేము సమకూర్చెదము.

మా వంతు మాటగా రెండు సంగతులు వ్రాసి యిచ్చుచున్నాము. ఇకమీదట ఏ పరీక్షకొఱకును కథల గంటను, ఆటల గంటను ఎత్తివేయము. సర్వే మరల మా బడికి వచ్చు దినమున హాజరుపట్టీలోని ప్రతి బిడ్డకును రమ్మనియే కబురు పోవును. వచ్చిన ఫలము మంచిదైనను చెడ్డదైనను, తెలిసినంతవరకు మీ యెదుట చదివి వినిపింతుము.

ఆ పిల్లవాడు ఇప్పుడు మా ఉన్నత పాఠశాలలోనే చదువుచున్నాడు. ఈ సంచిక అతనికిని అందును. ఈ పుటను అతడు తానే చదువగలడు. నాడు వాకిటిలో ఆ తల్లికి మేము చెప్పలేకపోయిన మాటను ఇక్కడ చెప్పుచున్నాము. తప్పు చేసినది నీవు కావు నాయనా, మేము. ఇంటికి పోయి ఈ మాట మీ అమ్మకు చదివి వినిపింపుము.